బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ నడపడం ఎలా: డ్రా నుంచి పాయింట్ల పట్టిక దాకా

మూడు జట్లు రెండేసి మ్యాచ్‌లు గెలిచి సమానంగా నిలిచాయి. సెమీస్‌కి రెండే వెళ్లాలి. ఏ రెండు? ఈ ప్రశ్నకు జవాబు మొదటి విజిల్ మోగకముందే రాసి, అన్ని జట్ల చేత సంతకాలు పెట్టించి ఉంటే ఆ సాయంత్రం ప్రశాంతంగా గడిచిపోతుంది. లేదంటే కోచ్‌లు, మేనేజర్లు, స్పాన్సర్లు అందరూ స్కోరర్ టేబుల్ చుట్టూ మూగుతారు. నెలల తరబడి తెల్లవారుజామునే లేచి ప్రాక్టీస్ చేసిన పిల్లలు పక్కన నిలబడి పెద్దల అరుపులు వింటూ ఉంటారు. ఆ పిల్లలకు న్యాయం జరగాలంటే నిర్వాహకుడు బాధ్యతగా చేయాల్సిన పని చాలావరకు టోర్నమెంట్‌కి ముందే ఉంటుంది. ఊళ్లోనో, కాలేజీలోనో మొదటిసారి టోర్నమెంట్ పెట్టేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ పనిని వరుసగా చెబుతాను. లెక్కలూ నియమాలూ అంతర్జాతీయ సమాఖ్య ఫీబా పద్ధతిలోనివే.

ముందు గంటలు లెక్కపెట్టండి

ఎంట్రీలు పిలిచే ముందే మీ కోర్టులో ఎన్ని మ్యాచ్‌లు పడతాయో తేల్చుకోండి. ఫీబా మ్యాచ్ అంటే 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఆట ఆగిన ప్రతిసారీ గడియారం ఆగుతుంది. టైమ్‌అవుట్లు, విరామాలు, ఫ్రీ త్రోలు అన్నీ కలిపితే 40 నిమిషాల ఆటకు గంటన్నర పైనే పడుతుంది. అందుకే చిన్న టోర్నమెంట్లలో లీగ్ దశ వరకు గడియారాన్ని ఆపకుండా నడిపి, చివరి రెండు నిమిషాల్లో మాత్రం ఆపుతారు. అలా అయితే ఒక్కో మ్యాచ్‌కి 75 నిమిషాలు కేటాయించవచ్చు. సెమీస్, ఫైనల్ మాత్రం పూర్తి నియమాలతోనే ఆడించండి. అక్కడ ఒక్కో సెకను విలువైనది.

ఒక్క కోర్టు, ఫ్లడ్‌లైట్లు ఉన్నాయనుకుందాం. ఉదయం 6:30కి మొదలుపెడితే 10:15 లోపు మూడు మ్యాచ్‌లు అవుతాయి. ఆ తర్వాత మన ఎండలో సిమెంటు కోర్టు మీద పిల్లల్ని ఆడించకూడదు. సాయంత్రం 4 నుంచి 10:15 వరకు ఐదు మ్యాచ్‌లు. అంటే రోజుకు 8, మూడు రోజులకు 24. ఇందులో కొన్నింటిని వానకూ కరెంటు కోతకూ వదిలేయాలి. ఆరుబయట కోర్టు తడిస్తే తుడిచి ఆడించేద్దాం అనుకోకండి. మోకాలు మెలిపడితే ఆ కుర్రాడికి ఏడాది పోతుంది.

కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రింగు ఎత్తు 3.05 మీటర్లు. మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరంలో ఉండాలి. పాత కోర్టుల్లో ఇంకా 6.25 మీటర్ల గీతే కనిపిస్తుంటుంది, టేపు పెట్టి కొలుచుకోండి. పురుషులకు 7వ సైజు బంతి, మహిళలకు 6వ సైజు.

ఏ పద్ధతి?

నాకౌట్‌లో మ్యాచ్‌ల లెక్క తేలిక: జట్ల సంఖ్యలోంచి ఒకటి తీసేయడమే. ప్రతి మ్యాచ్ ఒక జట్టును ఇంటికి పంపుతుంది, చివరికి మిగలాల్సింది ఒక్కటే. కాబట్టి 16 జట్లకు 15 మ్యాచ్‌లు. లీగ్‌లో ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడుతుంది. జట్ల సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి సగం చేస్తే మ్యాచ్‌లు వస్తాయి. 6 జట్లకు 15, 8 జట్లకు 28, 12 జట్లకు 66.

నాకౌట్ త్వరగా అయిపోతుంది, ఉత్కంఠ ఉంటుంది. కానీ రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చిన జట్టు ఒక్క మ్యాచ్‌తో వెనుదిరగాల్సి వస్తుంది. చిన్నపిల్లల టోర్నమెంట్‌కి నాకౌట్ పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆడితేనే నేర్చుకుంటారు, కనీసం మూడు మ్యాచ్‌లైనా దక్కాలి. పూర్తి లీగ్ అన్నిటికన్నా న్యాయమైనది, కాకపోతే అంత సమయం ఎవరి దగ్గరా ఉండదు.

అందుకే ఎక్కువమంది లీగ్ కమ్ నాకౌట్‌కి వస్తారు. 8 జట్లను నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు చేస్తే లీగ్‌లో 12 మ్యాచ్‌లు, తర్వాత రెండు సెమీస్, మూడో స్థానం మ్యాచ్, ఫైనల్. మొత్తం 16. ముందు లెక్కేసిన 24 చోట్లలో ఎనిమిది మిగులుతాయి. 12 జట్లయితే మూడేసి చొప్పున నాలుగు గ్రూపులు: లీగ్‌లో 12, క్వార్టర్స్ 4, సెమీస్ 2, చివరి రోజు 2, మొత్తం 20. ఇదీ పడుతుంది కానీ ఊపిరి సలపదు.

పెద్ద పోటీలు కూడా ఈ ఇటుకలతోనే కట్టినవి. 2023 ప్రపంచ కప్‌లో 32 జట్లు నాలుగేసి చొప్పున ఎనిమిది గ్రూపుల్లో ఆడాయి. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు రెండో దశకు వెళ్లాయి, మొదటి దశ ఫలితాలు కూడా వాటి వెంట వెళ్లాయి. ఆ తర్వాత క్వార్టర్స్ నుంచి నాకౌట్. మనీలాలో జరిగిన ఫైనల్లో జర్మనీ 83-77తో సెర్బియాను ఓడించింది. అమెరికా కాలేజీల ఎన్‌సీఏఏ పురుషుల టోర్నమెంట్ మాత్రం నూటికి నూరు శాతం నాకౌట్: 2023లో 68 జట్లు, 67 మ్యాచ్‌లు.

డ్రా తీయడం

నాకౌట్ డ్రా సాఫీగా సాగాలంటే జట్లు 4, 8, 16, 32 ఇలా ఉండాలి. అలా లేనప్పుడు కొన్ని జట్లకు మొదటి రౌండ్‌లో బై ఇస్తాం, అంటే అవి ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి వెళ్తాయి. ఈ వరుసలో మీ జట్ల సంఖ్యకు వెంటనే పైనున్న సంఖ్యలోంచి జట్ల సంఖ్య తీసేస్తే ఎన్ని బైలో తెలుస్తుంది.

11 జట్లు వచ్చాయనుకుందాం. పైనున్నది 16, కాబట్టి 5 బైలు. కాగితం మీద 1 నుంచి 11 వరకు నిలువుగా రాసి రెండు భాగాలు చేయండి: పై సగంలో 6, కింది సగంలో 5. బైలు పైన 2, కింద 3. అప్పుడు రెండు సగాలూ ఎనిమిదేసి అవుతాయి. మన వ్యాయామ ఉపాధ్యాయులు నేర్పే క్రమం ఇది: మొదటి బై కింది సగంలో చివరి స్థానానికి (11), రెండోది పై సగంలో మొదటి స్థానానికి (1), మూడోది కింది సగంలో మొదటి స్థానానికి (7), నాలుగోది పై సగంలో చివరి స్థానానికి (6). ఐదోది మళ్లీ కింద, 11కి ముందున్న 10వ స్థానానికి.

మొదటి రౌండ్‌లో మిగిలేవి మూడే మ్యాచ్‌లు: 2-3, 4-5, 8-9. ఆ ముగ్గురు విజేతలు, బై వచ్చిన ఐదు జట్లు కలిపి ఎనిమిది. అక్కడి నుంచి క్వార్టర్స్ నాలుగు, సెమీస్ రెండు, ఫైనల్ ఒకటి. కూడితే 10, అంటే 11లోంచి ఒకటి తక్కువ. లెక్క సరిపోయింది. డ్రా రాసిన ప్రతిసారీ ఇలా కూడి చూసుకోండి. ఎక్కడైనా జట్టు తప్పిపోతే ఇక్కడే దొరుకుతుంది.

తర్వాత సీడింగ్, అంటే బలాన్ని బట్టి జట్లకు 1, 2, 3, 4 అని వరుస ఇచ్చి డ్రాలో దూరదూరంగా ఉంచడం. బలమైన జట్లు మొదటి రోజే ఎదురుపడితే ఫైనల్ వెలవెలబోతుంది. నిరుటి విజేతను 1వ స్థానంలో, రన్నరప్‌ను 11లో, సెమీస్‌కి వచ్చిన మిగతా రెండు జట్లను 6, 7 స్థానాల్లో పెట్టండి. నాలుగింటికీ బై వస్తుంది, అంచనాలు నిజమైతే సెమీస్ దాకా ఒకదానికొకటి తగలవు. మిగతా ఏడు స్థానాలకు చీటీలు తీయండి. చీటీలు తీసేటప్పుడు అన్ని జట్ల మేనేజర్లూ ఎదురుగా ఉండాలి. గదిలో ఒక్కరే కూర్చుని తీసిన డ్రా ఎంత నిజాయితీగా తీసినా ఓడినవాడు నమ్మడు.

సీడింగ్ ఒక అంచనా మాత్రమే. ఎన్‌సీఏఏలో ఒక్కో విభాగంలో 1వ సీడ్ 16వ సీడ్‌తో ఆడుతుంది. అలాంటి 135 మ్యాచ్‌ల్లో వరుసగా 1వ సీడే గెలిచాక, 2018లో యూఎంబీసీ అనే చిన్న జట్టు 74-54తో వర్జీనియాను ఓడించింది. 2023లో ఫెయిర్లీ డికిన్సన్ 63-58తో పర్డ్యూ మీద అదే పని చేసింది. అందుకే పేరున్న జట్టు మేనేజర్ వచ్చి తన మ్యాచ్‌ను సులువైనవాళ్లతో పెట్టమని అడిగితే నవ్వుతూ కాదనండి.

గ్రూపులు చేసేటప్పుడు మొదటి సీడ్‌ను ఒక గ్రూపులో, రెండో సీడ్‌ను మరో గ్రూపులో వేసి, మూడు నాలుగు సీడ్‌లను చీటీలతో పంచండి. ఒకే కాలేజీ నుంచి రెండు జట్లు వస్తే వేర్వేరు గ్రూపుల్లో ఉంచండి.

ఎవరు ఎప్పుడు ఆడతారు

నాలుగు జట్ల గ్రూపులో 1ని కదపకుండా మిగతావాటిని చుట్టూ తిప్పితే మూడు రౌండ్లు వస్తాయి: ముందు 1-4, 2-3. తర్వాత 1-3, 4-2. చివర 1-2, 3-4. బలమైన రెండు జట్లకు 1, 2 నంబర్లు ఇస్తే వాళ్ల మ్యాచ్ చివరి రౌండ్‌కి వస్తుంది, గ్రూపు చివరిదాకా వేడిగా ఉంటుంది. ఐదు జట్లుంటే ఆరో చోట బై అని రాసి అదే విధంగా తిప్పండి.

8 జట్ల టోర్నమెంట్‌కి మొదటి రోజు రెండు రౌండ్లు, అంటే 8 మ్యాచ్‌లు. రెండో రోజు మూడో రౌండ్, 4 మ్యాచ్‌లు. మూడో రోజు ఉదయం సెమీస్, సాయంత్రం మిగతా రెండు. ఏ జట్టుకూ వరుసగా రెండు మ్యాచ్‌లు పడకూడదు, మధ్యలో కనీసం రెండు గంటలైనా విశ్రాంతి ఉండాలి. దూరం నుంచి వచ్చే జట్టుకు మొదటి రోజు 6:30 మ్యాచ్ వేయకండి. టైమ్‌టేబుల్ రాశాక ఒక్కో జట్టు పేరు పట్టుకుని దాని మూడు రోజులూ వేలితో చూసుకుంటూ వెళ్తే ఇలాంటి లోపాలు బయటపడతాయి.

నిబంధనల పత్రం

ఒకే పేజీ చాలు. మొదటి రోజుకు ముందు రాత్రి మేనేజర్ల మీటింగ్ పెట్టి చదివి వినిపించి, ప్రతి మేనేజర్ చేత సంతకం చేయించుకోండి. అందులో ఇవి ఉండాలి: జట్టుకు 12 మంది దాకా. పేర్లు ఇచ్చాక మార్పులు లేవు. ఒకరు ఒకే జట్టుకు ఆడాలి. వయసు పరిమితి ఉంటే ఏ పత్రం చూపాలి. గెస్ట్ ప్లేయర్లకు అనుమతి ఉందా, ఉంటే ఎంతమందికి. మన ఊళ్లల్లో గొడవల్లో పెద్ద భాగం ఈ చివరి రెండింటి మీదే. పిల్లల పత్రాలు మొదటి మ్యాచ్‌కి ముందే చూసేయాలి. ఫైనల్ గెలిచాక వయసు అడగడం పద్ధతి కాదు.

రాని జట్టు సంగతి కూడా రాయండి. ఫీబా నియమం ప్రకారం చెప్పిన సమయం దాటి 15 నిమిషాలైనా జట్టు రాకపోతే, లేదా ఐదుగురు సిద్ధంగా లేకపోతే, ఎదుటి జట్టు 20-0తో గెలిచినట్టు. రాని జట్టుకు సున్నా పాయింట్లు. ఆట మధ్యలో గాయాలతోనో ఫౌల్స్‌తోనో కోర్టులో ఆడగలిగినవాళ్లు ఇద్దరికన్నా తగ్గిపోతే అది వేరే లెక్క. ఎదుటి జట్టు ఆధిక్యంలో ఉంటే అప్పటి స్కోరే నిలుస్తుంది. లేకపోతే 2-0గా రాస్తారు. ఓడిన జట్టుకు ఒక పాయింటు మాత్రం వస్తుంది.

ఫిర్యాదు ఎలా చేయాలో కూడా చెప్పండి. మ్యాచ్ అయిన 15 నిమిషాల్లోపు కెప్టెన్ స్కోరు షీటు మీద సంతకం చేసి నిరసన నమోదు చేయాలి, తర్వాత రాతపూర్వకంగా ఇవ్వాలి. తీర్పు చెప్పే ముగ్గురి పేర్లు ముందే ప్రకటించండి. వాళ్లలో ఎవరికీ ఆడే జట్లతో సంబంధం ఉండకూడదు.

టేబుల్ దగ్గర ఎవరు

రిఫరీలు కనీసం ఇద్దరు, వీలైతే ముగ్గురు. టేబుల్ దగ్గర స్కోరర్, అసిస్టెంట్ స్కోరర్, టైమర్, 24 సెకన్ల షాట్ క్లాక్ (బంతి దొరికాక షాట్ వేయడానికి ఉన్న గడువు చూపే గడియారం) చూసే మనిషి. షాట్ క్లాక్ యంత్రం లేకపోతే ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని చివరి సెకన్లను గట్టిగా లెక్కపెట్టే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ సంగతి మీటింగ్‌లోనే చెప్పండి.

డబ్బు తక్కువైతే బహుమతుల్లో తగ్గించండి, రిఫరీల్లో వద్దు. జిల్లా సంఘాన్ని అడిగితే అర్హత ఉన్నవాళ్లను సూచిస్తారు. స్కోరర్‌గా మాత్రం స్నేహితుడని ఎవరో ఒకరిని కూర్చోబెట్టకండి. ఎవరికి ఎన్ని ఫౌల్స్ (ఐదు అయితే ఆటగాడు బయటికే), క్వార్టర్లో జట్టు ఫౌల్స్ నాలుగు దాటాయా, తర్వాతి బంతి ఎవరిదో చూపే బాణం ఎటుంది, ఇవన్నీ ఆ టేబుల్ మీదే తేలతాయి. ఒక్క బుట్ట రాయడం మరిచిపోతే మ్యాచ్ ఫలితమే మారిపోతుంది. ప్రతి క్వార్టర్ అయ్యాక టేబుల్ స్కోరును బోర్డు మీది స్కోరుతో పోల్చి చూడటం అలవాటు చేయండి.

బాస్కెట్‌బాల్‌లో డ్రా ఫలితం ఉండదు. స్కోరు సమమైతే 5 నిమిషాల ఓవర్‌టైమ్, అప్పటికీ తేలకపోతే ఇంకో 5. విజేత వచ్చేవరకు అంతే.

పాయింట్లు సమానమైతే

గెలిస్తే 2, ఓడితే 1, రాకపోతే 0. ఓడినా ఒకటి ఎందుకంటే, ఓడిపోతామని తెలిసినా వచ్చి ఆడిన జట్టుకూ, రాకుండా ఎగ్గొట్టిన జట్టుకూ తేడా ఉండాలి.

ఇద్దరు సమానమైతే వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో వాళ్లే పైన. మూడు జట్లు సమానమైనప్పుడే అసలు టెన్షన్. ఊహించిన పేర్లతో, ఊహించిన స్కోర్లతో ఒక గ్రూపు చూద్దాం. కాకినాడ 62-55తో భీమవరాన్ని ఓడించింది. భీమవరం 58-48తో ఖమ్మాన్ని. ఖమ్మం 51-47తో కాకినాడను. నల్గొండను ముగ్గురూ ఓడించారు: కాకినాడ 80-40, భీమవరం 60-52, ఖమ్మం 70-45. ముగ్గురికీ రెండేసి గెలుపులు, ఐదేసి పాయింట్లు.

చాలామంది ఇక్కడ మొత్తం స్కోరు తేడా తీస్తారు. కాకినాడకు 43, ఖమ్మానికి 19, భీమవరానికి 11. సెమీస్‌కి కాకినాడ, ఖమ్మం. ఫీబా పద్ధతిలో ఇది తప్పు.

సమానమైన ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌లే ముందు చూడాలి, నల్గొండ మ్యాచ్‌లు పక్కన పెట్టాలి. ఆ చిన్న పట్టికలో ముగ్గురికీ ఒక్కో గెలుపే. కాబట్టి అందులోని స్కోరు తేడా చూస్తాం. కాకినాడ: 7 ఎక్కువ, 4 తక్కువ, నికరంగా +3. భీమవరం: 7 తక్కువ, 10 ఎక్కువ, ఇదీ +3. ఖమ్మం: 10 తక్కువ, 4 ఎక్కువ, -6. ఖమ్మం మూడో స్థానం ఖాయమైంది.

ఇప్పుడు కాకినాడ, భీమవరం +3 దగ్గర సమానం. తర్వాతి కొలమానం ఆ మ్యాచ్‌ల్లో చేసిన పాయింట్లు కదా అని కూడితే కాకినాడకు 109, భీమవరానికి 113. భీమవరం మొదటిదా? కాదు. ఒక జట్టు స్థానం తేలిపోయిన వెంటనే మిగిలినవాళ్లకు లెక్క మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలన్నది నియమం. మిగిలింది ఇద్దరే, వాళ్ల మధ్య మ్యాచ్ కాకినాడ గెలిచింది. కాబట్టి కాకినాడ 1, భీమవరం 2, ఖమ్మం 3. అనుభవం ఉన్న నిర్వాహకులు కూడా తడబడేది ఈ మళ్లీ మొదలుపెట్టే దగ్గరే.

పూర్తి క్రమం: సమాన జట్ల మధ్య గెలుపోటములు, వాటి మధ్య స్కోరు తేడా, వాటి మధ్య చేసిన పాయింట్లు, గ్రూపు మొత్తంలో స్కోరు తేడా, గ్రూపు మొత్తంలో చేసిన పాయింట్లు, అప్పటికీ తేలకపోతే చీటీ. ఈ క్రమం వెనక మంచి కారణం ఉంది. మొత్తం తేడానే ముందు పెడితే బలహీనమైన జట్టు మీద ఎవరు ఎక్కువ పాయింట్లు గుమ్మరిస్తే వాళ్లదే పైచేయి. చివరి క్వార్టర్లో 35 పాయింట్ల ఆధిక్యం ఉన్నా కొత్త పిల్లల్ని దించకుండా ఐదుగురు స్టార్లనే ఆడిస్తారు. పసిజట్టును అవమానించమని మనమే నియమం పెట్టినట్టవుతుంది.

గ్రూపు నుంచి నాకౌట్‌కి

రెండు గ్రూపులకు ‘ఎ’, ‘బి’ అని పేర్లు పెడితే, సెమీస్‌లో ‘ఎ’ గ్రూపు మొదటి జట్టు ‘బి’ గ్రూపు రెండో జట్టుతో, ‘బి’ మొదటి జట్టు ‘ఎ’ రెండో జట్టుతో ఆడాలి. గ్రూపులో గెలిచినందుకు కాస్త తేలికైన ప్రత్యర్థి దొరకాలి, ఒకే గ్రూపు జట్లు మళ్లీ కలిస్తే అది ఫైనల్లోనే కావాలి.

ఇందులో ఒక చిక్కుంది. బి గ్రూపు ముందే అయిపోతే, ‘ఎ’ గ్రూపు జట్టు తనకు నచ్చిన ప్రత్యర్థి కోసం చివరి మ్యాచ్ కావాలని ఓడవచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్‌లో ఇలా ఓడిపోవడానికే ఆడినందుకు నాలుగు జోడీలను బయటికి పంపేశారు. అదే పోటీలో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలిసి గ్రూపులో రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్స్ చేరలేకపోయింది. గ్రూపు పట్టికలో ఒక్క పాయింటు ఎంత బరువో తెలియడానికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

నివారణ మార్గాలు రెండు. రెండు కోర్టులుంటే చివరి రౌండ్ మ్యాచ్‌లు ఒకేసారి ఆడించండి. ఒకే కోర్టు ఉంటే, గ్రూపు దశ అయ్యాక ఎవరితో ఎవరో చీటీలు తీయండి: ‘ఎ’, ‘బి’ గ్రూపుల విజేతలు విడివిడిగా ఉంటారు, రెండో స్థానం జట్లకు చీటీ. ఒకే గ్రూపు జట్లు మళ్లీ సెమీస్‌లో కలిసే అవకాశం వస్తుంది, అది ఒప్పుకోవాలి. టోక్యో, పారిస్ ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్‌లో 12 జట్లు మూడు గ్రూపుల్లో ఆడాక, క్వార్టర్స్‌కి చేరిన ఎనిమిది జట్లను స్థాయిని బట్టి విడదీసి డ్రా తీశారు.

సగం కోర్టు ఆట అయితే

సమయం, డబ్బు రెండూ తక్కువగా ఉంటే 3x3 (జట్టుకు ముగ్గురేసి ఆడే ఆట) పెట్టండి. ఒక రింగు చాలు. ఆట 10 నిమిషాలు, లేదా ముందుగా 21 పాయింట్లు చేసినవాళ్లదే గెలుపు. షాట్ క్లాక్ 12 సెకన్లు. స్కోరు సమమైతే ఓవర్‌టైమ్‌లో ముందు రెండు పాయింట్లు చేసినవాళ్లు విజేత. ఒక సాయంత్రంలోనే బోలెడు మ్యాచ్‌లు అయిపోతాయి. గ్రూపు స్థానాల లెక్క మాత్రం వేరు: గెలుపులు, తర్వాత ముఖాముఖి ఫలితం, అదీ సమానమైతే మ్యాచ్‌కి సగటున చేసిన పాయింట్లు. పైన చెప్పిన స్కోరు తేడాల పట్టికను ఇక్కడ వాడకండి.

చివరి రోజు

మూడో స్థానం మ్యాచ్ ఫైనల్‌కి ముందు పెట్టండి, మహిళల ఫైనల్, పురుషుల ఫైనల్ రెండూ జనం ఎక్కువగా ఉండే వేళకే రావాలి. అమ్మాయిల ఫైనల్‌ను మధ్యాహ్నం ఎండలో ముగించేసి, సాయంత్రం అబ్బాయిలకు లైట్లు వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది మారాలి. ఉపన్యాసాలు మ్యాచ్ మధ్యలో పెట్టకండి, వేడెక్కిన ఒళ్లు చల్లబడితే గాయాలవుతాయి.

బహుమతులు అయ్యాక ప్రతి జట్టుకూ దాని స్కోరు షీట్ల నకళ్లు ఇవ్వండి. ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో, ఎక్కడ ఫౌల్స్ ఎక్కువయ్యాయో కోచ్ వాటిలోంచే చదువుకుంటాడు. అసలు షీట్లు, డ్రా కాగితం, తుది పట్టిక ఒక ఫైల్లో పెట్టి దాచండి. వచ్చే ఏడాది 1, 2, 3, 4 సీడ్‌లు ఎవరన్నది ఆ ఫైల్లోంచే తీయాలి.